బోర్డు వెలిసింది సరే, పేరు రికార్డుకెక్కిందా? అమర జవాన్ల పేరిట వీధులు – పూర్తి వివరం

జాతీయ జెండా కప్పిన పేటిక ఊరికి చేరిన రోజున, అంత్యక్రియల దగ్గర నిలబడి ఎవరో ఒక ప్రజాప్రతినిధి ఈ వీధికి ఈ బిడ్డ పేరే పెడతామని మాట ఇస్తారు. ఇచ్చిన మాట మనస్ఫూర్తిగా ఇచ్చిందే. పది రోజుల్లో ఫ్లెక్సీ కడతారు, రెండు నెలల్లో ఇనుప బోర్డు పాతుతారు. కొన్నేళ్ల తర్వాత అదే ఇంటికి వచ్చే ఆస్తిపన్ను నోటీసు చూస్తే మాత్రం పాత వీధి పేరే ఉంటుంది. మున్సిపల్ ఆఫీసులో అడిగితే అలాంటి పేరు తమ రికార్డులో లేదంటారు. ఈలోగా రోడ్డు వెడల్పు పనుల్లో బోర్డు కూడా పోతుంది.

దీన్ని ఎవరో ఒకరి నిర్లక్ష్యం అనలేం. వీధికి పేరు పెట్టడం ఒకే పని అనుకుంటాం గానీ, అందులో నాలుగు పనులున్నాయి.

## ప్రకటన, తీర్మానం, రికార్డు, బోర్డు

ప్రకటన అంటే నోటిమాట. మంత్రి చెప్పినా సర్పంచ్ చెప్పినా, దానంతట అదే వీధి పేరు మార్చదు.

తీర్మానం అంటే ఆ వీధి ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉందో ఆ సంస్థ సమావేశంలో ఎజెండాగా పెట్టి ఆమోదించిన నిర్ణయం. పంచాయతీలో పాలకవర్గం, పట్టణంలో కౌన్సిల్, నగరంలో కార్పొరేషన్ ఈ పని చేస్తాయి. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నికలు జరగని కాలంలో ఆ అధికారం ప్రత్యేకాధికారి చేతిలో ఉంటుంది.

రికార్డు అంటే ఆ తీర్మానం నంబరుతో సహా వీధుల రిజిస్టర్‌లోకి, ఆస్తిపన్ను డేటాలోకి, టౌన్ ప్లానింగ్ పటంలోకి ఎక్కడం. అక్కడి నుంచి తపాలా కార్యాలయానికి, విద్యుత్ సంస్థకు, పోలీస్ స్టేషన్‌కు, ఓటర్ల జాబితా చూసే సిబ్బందికి ఉత్తరం వెళ్లడం.

బోర్డు చివర రావాలి. మన దగ్గర ప్రకటన తర్వాత నేరుగా బోర్డే వస్తుంది. మధ్యలోని రెండూ జరగవు. బోర్డు కంటికి కనిపిస్తుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. అక్కడే పేరు గాలిలో కలుస్తుంది.

## ‘అమరుడు’ – ప్రజల మాట ఒకటి, సైన్యం మాట ఒకటి

మనం అమరవీరుడు, వీరమరణం అంటాం. హిందీలో షహీద్ అంటారు. ప్రభుత్వ పరిభాషలో మాత్రం ‘షహీద్’ అనే అధికారిక వర్గీకరణ లేదు. 2017లో రక్షణ, హోం శాఖలు కేంద్ర సమాచార కమిషన్ ముందు ఇదే చెప్పాయి. ఆంగ్లంలో ఆ అర్థానికి వాడే ‘మార్టిర్’ అనే మాటను వాడవద్దని 2022లో సైన్యం తన విభాగాలకు లేఖ కూడా రాసింది.

సైన్యం వాడే పదాలు ముఖ్యంగా రెండు. శత్రువుతోనో ఉగ్రవాదులతోనో పోరాడుతూ, లేదా సైనిక చర్యకు నేరుగా సంబంధించిన పరిస్థితుల్లో ప్రాణం పోతే ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’. అలా కాకుండా జబ్బు వల్లనో, సాధారణ ప్రమాదం వల్లనో పోతే ‘ఫిజికల్ క్యాజువాల్టీ’. ఏ మరణం ఏ గాటన పడుతుందో యూనిట్ నివేదిక మీద సైన్యం తేలుస్తుంది. కుటుంబానికి అందే పింఛను, పరిహారం దీని మీద ఆధారపడతాయి.

వీధి పేరుకు ఈ వర్గీకరణ తప్పనిసరి కాదు. ఎవరిని గౌరవించాలో స్థానిక సంస్థ ఇష్టం. అయినా గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడపల్లికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆయనను తాకింది శత్రువు తూటా కాదు. అయినా విధుల్లో ఉండగా పోయిన ఆ బిడ్డను అమరుడని పిలవడానికి ఊరివాళ్లు ఏ ధ్రువపత్రం కోసమూ ఆగలేదు. ఊరి కొలమానం ఊరిది, సైన్యం కొలమానం సైన్యానిది. తీర్మానంలో మరణ కారణాన్ని ఉన్నదున్నట్టు రాస్తే రెండింటికీ పేచీ ఉండదు. ‘విధి నిర్వహణలో ప్రాణాలర్పించిన’ అన్న మాట ఎక్కడైనా సరిపోతుంది. యుద్ధంలో పోని మనిషిని యుద్ధంలో పోయాడని రాస్తేనే తర్వాత చిక్కు.

తెలుగు నేలలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘అమరవీరులు’ అంటే ఇక్కడ సైనికులే కాదు. హైదరాబాద్ గన్‌పార్క్‌లోని అమరవీరుల స్తూపం 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారిది. ఏటా అక్టోబర్ 21న పోలీసులు జరుపుకునే అమరవీరుల సంస్మరణ దినం, 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను తలచుకునేది. కాబట్టి ‘అమరవీరుల వీధి’ అని మాత్రమే రాస్తే ఏ అమరుల వీధో ఒక తరం దాటాక ఎవరికీ తెలియదు. మనిషి పేరు రాయాల్సిందే.

## ముందు తేలాల్సింది: ఆ రోడ్డు ఎవరిది?

ఊరి నడిబొడ్డున వెళ్తున్నంత మాత్రాన ప్రతి రోడ్డూ మున్సిపాలిటీది కాదు. ప్రధాన రహదారి చాలా చోట్ల రోడ్లు–భవనాల శాఖది. జాతీయ రహదారి అయితే కేంద్రం చేతిలో ఉంటుంది. సికింద్రాబాద్ లాంటి కంటోన్మెంట్ ప్రాంతంలో కంటోన్మెంట్ బోర్డు మాట చెల్లుతుంది. తమది కాని రోడ్డుకు పేరు పెడుతూ కౌన్సిల్ తీర్మానం చేస్తే, అది ఆ శాఖకు పంపే సిఫారసు మాత్రమే అవుతుంది.

ప్రైవేటు లేఅవుట్లలో రోడ్లను గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అప్పగింత జరగని కాలనీలో నివాసుల సంఘం ఎంత గొప్ప పేరు పెట్టినా అది లోపలి పిలుపే. గేటెడ్ కాలనీలదీ ఇదే స్థితి.

## కొత్త పేరు పెట్టడం వేరు, ఉన్న పేరు మార్చడం వేరు

చట్టం ఈ రెండింటినీ ఒకే కంటితో చూడదు. చాలా మున్సిపల్ చట్టాల ధోరణి ఒకటే. పేరులేని కొత్త వీధికి పేరు పెట్టడం స్థానిక సంస్థ పని. ఉన్న పేరు మార్చాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.

1975 సెప్టెంబర్ 27న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి కారణం కనిపిస్తుంది. వీధుల పేర్లు మారిస్తే తపాలా వాళ్లకూ జనానికీ తికమక, పైగా ప్రజలకు చరిత్ర స్పృహ దూరమవుతుంది, కాబట్టి పాతవాటిని కదపకుండా కొత్త వీధులకే ప్రముఖుల పేర్లు పెట్టండి అన్నది వాటి సారం. ఆచరణలో మినహాయింపులు ఎన్నో వచ్చాయి. 2015లో ఢిల్లీలోని ఔరంగజేబు రోడ్డు ఏపీజే అబ్దుల్ కలాం రోడ్డయింది. అయినా పేరు మార్పు మీద వివాదం లేచిన ప్రతిసారీ ఈ మార్గదర్శకాలే చర్చకు వస్తాయి.

2023 జనవరి 23న అండమాన్‌లో పేరులేని 21 పెద్ద ద్వీపాలకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అక్కడ ఎవరి చిరునామా మారలేదు, ఏ పాత పేరూ చెరిగిపోలేదు. వీధుల విషయంలో దీనికి సాటి కొత్త లేఅవుట్లే. ‘30 అడుగుల రోడ్డు’, ‘మూడో క్రాస్’ అని అంకెలతో నడిచే వీధులు ప్రతి పట్టణం శివారులోనూ పెరుగుతున్నాయి. వాటికి జవాన్ల పేర్లు ముందే కేటాయిస్తే తగవే ఉండదు.

కెనడాలోని ఏజాక్స్ పట్టణం సరిగ్గా ఇలాగే పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారం చుట్టూ వెలిసిన ఊరది. 1939లో జర్మన్ యుద్ధనౌకను ఎదిరించిన బ్రిటిష్ నౌక ఏజాక్స్ పేరు ఊరికి పెట్టారు, ఆ నౌక నావికుల పేర్లు వీధులకు పెట్టుకుంటూ వచ్చారు. ఊరే కొత్తది గనుక అది సాధ్యమైంది.

ఊరి పేరే మార్చాలంటే అది వేరే దారి. 1953 నాటి హోం శాఖ మార్గదర్శకాల ప్రకారం రాష్ట్ర ప్రతిపాదన కేంద్రానికి వెళ్తుంది. రైల్వే, తపాలా, సర్వే ఆఫ్ ఇండియా అభ్యంతరం లేదనాలి. వీధి తీర్మానంతో దాన్ని కలపకూడదు.

అయితే జనం నోట పడిన పేరుకు ఏ గెజిటూ అక్కర్లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరది.

## ఒక వీధి లెక్క వేసి చూద్దాం

ఊహకు ఒక వీధి తీసుకుందాం. 60 ఇళ్లు, ఇంటికి ముగ్గురు పెద్దవాళ్లు, అంటే 180 మంది. ఒక్కొక్కరికి ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు అనుకుంటే 720 చిరునామాలు. ఇంటికి ఒక్కొక్కటి చొప్పున కరెంటు, గ్యాస్, నీటి కనెక్షన్, ఆస్తిపన్ను కలిపితే మరో 240. మొత్తం 960. దుకాణాలుంటే ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నమోదు అదనం.

ఈ సంఖ్య చూపించే పేరు మార్పును వ్యతిరేకిస్తారు. అది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. దినకూలీ మానుకుని మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో వరుసలో నిలబడాల్సిన మనిషికి అది నిజమైన నష్టమే.

కానీ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. వీధి పేరు మారినంత మాత్రాన ఆ 960 పత్రాల్లో ఏదీ మర్నాడే చెల్లకుండా పోదు. మన పట్టణాల్లో చాలావరకు ఇంటి నంబరు వార్డు–బ్లాకు–ఇల్లు వరుసలో ఉంటుంది. 8-3-215 అని రాసి పిన్‌కోడ్ వేస్తే వీధి పేరు లేకున్నా ఉత్తరం చేరుతుంది. స్థలం దస్తావేజు సర్వే నంబరు, ప్లాట్ నంబరు, నాలుగు హద్దుల మీద నిలుస్తుంది. కొత్త దస్తావేజులో ‘పూర్వపు పేరు ఫలానా’ అని ఒక్క మాట చేరిస్తే పాత కాగితాలతో లంకె తెగదు. పత్రాలను ఎవరికి వీలైనప్పుడు వాళ్లు మార్చుకోవచ్చు.

ఇబ్బంది తగ్గించిన ఆ నంబరే పేరును చంపుతుంది కూడా. పేరు రాయకపోయినా పని జరుగుతున్నప్పుడు ఎవరూ రాయరు. రాయని పేరు పదేళ్లలో మరుగున పడుతుంది. అందుకే 960 పత్రాల మాట తర్వాత చూసుకున్నా, ఆస్తిపన్ను డేటాలో కొత్త పేరు మొదటి ఏడాదే ఎక్కాలి. ఆ నోటీసు ప్రతి ఇంటికీ వెళ్తుంది. కొత్తగా ఏ పత్రం తీసుకోవాలన్నా చాలామంది దాన్నే చిరునామా రుజువుగా పెడతారు.

## చౌరస్తాలే ఎందుకు ఎక్కువ?

సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలర్పించారు. ఆయనతో పాటు మరో 19 మంది. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. సరిగ్గా ఏడాదికి సూర్యాపేట కూడలిలో ఆయన విగ్రహం ఆవిష్కరించారు. ఢిల్లీలో 2019లో ముకర్బా చౌక్‌కు కార్గిల్ వీరుడు కెప్టెన్ విక్రమ్ బత్రా పేరు పెట్టారు. 2018లో తీన్ మూర్తి చౌక్ తీన్ మూర్తి హైఫా చౌక్ అయింది.

కారణం తేలికైనదే. చౌరస్తాకు ఇంటి నంబర్లు ఉండవు. ఎవరి ఆధార్ కార్డూ మారదు, అభ్యంతరం చెప్పేవాళ్లూ ఉండరు. పైగా రోజూ వేలమంది కళ్లలో పడుతుంది. లోటు కూడా అక్కడే ఉంది. ఎవరూ తన చిరునామాలో చౌరస్తా పేరు రాయడు. పేరు బతకాలంటే ఆటోవాళ్ల నోట, బస్ స్టాప్ బోర్డు మీద, బస్సు టికెట్ మీద పడాలి. కూడలికి పేరు పెట్టిన రోజే ఆర్టీసీకి ఉత్తరం రాయడం అందుకే ముఖ్యం. జనం నాలుక మీది పేరు ఎంత మొండిదో సికింద్రాబాద్ చెబుతుంది. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయి ఎన్నో ఏళ్లు గడిచినా, రైల్వే స్టేషన్ జేమ్స్ స్ట్రీట్‌గానే నిలిచింది.

తీన్ మూర్తి పక్కన ‘హైఫా’ ఎందుకు చేరిందో తెలుగువాళ్లు తెలుసుకోవాలి. ఆ చౌక్‌లోని మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ సంస్థానాల అశ్విక దళాలకు ప్రతీకలు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 సెప్టెంబర్ 23న నేటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని గెలిచిన బ్రిగేడ్‌లోవి ఆ దళాలు. పాత పేరు తీసేయకుండా దానికే ఒక మాట అతికించడం ఇక్కడి తెలివి. న్యూయార్క్ నగరంలో ఈ పద్ధతికి చట్టబద్ధమైన రూపమే ఉంది. నగర మండలి ఆమోదంతో వీధికి గౌరవనామం చేరుస్తారు, పాత పేరు బోర్డుతో పాటు రెండో బోర్డు పెడతారు, నగర పటంలో అధికారిక పేరు, చిరునామాలు మారవు. పేరున్న పాత వీధుల విషయంలో మన పట్టణాలకు ఇది నిక్షేపంగా సరిపోతుంది.

## ఎవరి పేరు పెట్టాలి: తెగని వాదనలు

శౌర్య పతకం వచ్చినవాళ్లకే పెట్టాలన్నది ఒక వాదన. కొలమానం స్పష్టంగా ఉంటుంది, ఒత్తిళ్లకు తావుండదు. నోయిడాలో వీర చక్ర గ్రహీత కెప్టెన్ విజయంత్ థాపర్ పేర మార్గం ఉంది. 1971 యుద్ధంలో 21 ఏళ్లకే నేలకొరిగిన పరమవీరుడు అరుణ్ ఖేత్రపాల్ పేర అక్కడే అరుణ్ విహార్ ఉంది. ఎదుటి వాదన ఏమంటే, పతకం రావాలంటే ఆ సాహసాన్ని చూసి చెప్పేవాడు బతికి ఉండాలి. మంచుచరియ కింద పోయిన సిపాయికి సాక్షి ఎవరు? 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకాన్ని ప్రారంభించినప్పుడు అక్కడి వలయాకార గోడల (త్యాగ చక్ర) మీద 25,942 పేర్లు చెక్కారు. హోదాను బట్టి పెద్ద రాయి, చిన్న రాయి అని లేదు, అందరిదీ ఒకే వరస. ఊరి స్థాయిలో ఈ రెండో వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది. ఊరికి ఉన్న ఒక్క జవానుకు పతకం ఉందా అని వీధి అడగదు.

సైనికులకేనా, పోలీసులకూ పెట్టాలా అన్నది మరో ప్రశ్న. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లు హోం శాఖ కింద ఉంటారు, సైన్యం కింద కాదు. పరిహారం లెక్కల్లో తేడాలున్నాయి గానీ, వీధి పేరుకు ఆ తేడా ఎందుకని అడిగేవారికి జవాబు చెప్పడం కష్టం.

ఎప్పుడు పెట్టాలన్నదీ తేలదు. వెంటనే పెడితే ఊరంతా ఒకటిగా ఉంటుంది, కుటుంబానికి ఓదార్పు. ఆగితే తీర్మానం నిదానంగా, తప్పుల్లేకుండా వస్తుంది, కానీ ఆగిన పని ఆగిపోయే ప్రమాదమూ ఉంది. నెలలోపే తీర్మానం చేసి, బోర్డు మొదటి వర్ధంతికి ఆవిష్కరిస్తే రెండూ నెరవేరతాయి.

కుటుంబం ఒప్పుకోలు మీద మాత్రం రెండో మాట ఉండకూడదు. భార్య ఒక ఊళ్లో, తల్లిదండ్రులు ఒక ఊళ్లో ఉంటే ఇద్దరినీ అడగాలి. ఇంటి ముందు రోజూ ఆ పేరు చూడలేమని ఒక తల్లి అంటే, పక్క వీధి ఎంచుకోవడమే మర్యాద.

## దరఖాస్తులో ఏముండాలి, ఎక్కడ చెడుతుంది

కమిషనర్‌కో పంచాయతీ కార్యదర్శికో ఇచ్చే అర్జీకి ఒక చేతిపటం జతచేయాలి. వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, పొడవు ఎన్ని మీటర్లో, ప్రస్తుతం ఏమని పిలుస్తున్నారో, ఎన్ని ఇళ్లున్నాయో అందులో రాయాలి. కుటుంబ సమ్మతి పత్రం, ఇళ్లవారి సంతకాలు పెట్టాలి. సైనికుడి పూర్తి పేరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ, చోటు ఉన్న కాగితం కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ వివరాలు సరిచూసుకోవచ్చు.

ఎక్కువ చెడేది మొదలు–తుదల దగ్గర. ‘గుడి వీధి’ అని మాత్రమే తీర్మానంలో రాస్తే, మలుపు దాటాక అది ఏ వీధో తేలక ఒకే పేరుకు రెండు చోట్ల బోర్డులు వెలుస్తాయి. అదే పిన్‌కోడ్‌లో దగ్గరి పేరున్న వీధి ఇంకొకటి ఉంటే అంబులెన్సు దారి తప్పుతుంది. అప్పుడు హోదానో ఇంటిపేరో తప్పక చేర్చాలి.

పేరు పొడవు కూడా చూడాలి. హోదా, ఇంటిపేరు, పేరు, పతకం, మార్గ్ అన్నీ కలిపి ఆరు మాటలైతే, జనం దాన్ని పొడి అక్షరాలకు కుదించేస్తారు. తర్వాత ఆ అక్షరాల వెనక ఎవరున్నారో పిల్లలకు తెలియదు. పిలవడానికి రెండు మూడు మాటల పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో మిగతా వివరం. అంతే చాలు. తెలుగు, ఆంగ్ల అక్షరక్రమాలు రెండూ తీర్మానంలోనే ఖాయం చేయాలి. లేదంటే బోర్డు మీద ఒకలా, ఫోన్ మ్యాపుల్లో ఇంకోలా, పన్ను రసీదులో మరోలా మూడు పేర్లవుతాయి.

పతకం పేరు తప్పు పడటం కూడా సాధారణమే. పరమవీర, మహావీర, వీర చక్రాలు శత్రువును ఎదిరించినప్పటివి. అశోక, కీర్తి, శౌర్య చక్రాలు అలా కాని సందర్భాల్లో చూపిన సాహసానికి. 2008 ముంబై దాడుల్లో ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌కు దక్కింది అశోక చక్ర. మరణించాక వచ్చిన పతకం పక్కన ‘మరణానంతరం’ అని ఉండాలి. హోదా రాయడానికి రాజ్యాంగపరంగా ఆటంకం లేదు. బిరుదులను రద్దు చేసిన 18వ అధికరణమే సైనిక, విద్యా గౌరవాలను మినహాయించింది. మూడు సింహాల చిహ్నాన్ని మాత్రం సొంతంగా చెక్కించిన బోర్డు మీద వేయకూడదు. దాని వాడకాన్ని 2005 నాటి చట్టం నియంత్రిస్తుంది.

## విగ్రహం సంగతి వేరు

వీధి పేరుతో పాటు విగ్రహమూ కావాలన్న కోరిక సహజం. కానీ 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదు. వీధిదీపాలు, ట్రాఫిక్, రోడ్ల అభివృద్ధి–సుందరీకరణ, ప్రజా సౌకర్యాల వంటివాటికి మినహాయింపు. పేరు బోర్డు దారి చూపే వస్తువు, విగ్రహం నిర్మాణం. రెండింటినీ ఒకే అర్జీలో పెడితే విగ్రహం దగ్గర ఫైలు ఆగి, పేరు కూడా దానితో పాటే మూలన పడుతుంది. విడివిడిగా అడగాలి. విగ్రహానికి బడి ఆవరణో, పంచాయతీ సొంత స్థలమో చూసుకోవాలి.

## బోర్డు పెట్టాక

బోర్డు వీధికి రెండు కొసల్లోనూ ఉండాలి, ఒక కొసన పెడితే అవతలి నుంచి వచ్చేవాడికి పేరు లేనట్టే. రాత్రి వాహనం వెలుగు పడితే మెరిసే రేకు మీద అక్షరాలు వేయించాలి. ఫ్లెక్సీ ఎండకు రెండు మూడేళ్లలోనే వెలిసిపోతుంది. పూలదండలు వేయడానికి వీలుగా బోర్డును కిందికి పెడితే గోడ పోస్టర్లు అంటిస్తారు, బండ్లు ఆనిస్తారు. సీసీ రోడ్డు వేసేటప్పుడు, కాలువ తవ్వేటప్పుడు స్తంభం పీకుతారు. తిరిగి పాతే ఖర్చు ఆ పని అంచనాలోనే చేర్చాలని తీర్మానంలో ఒక వాక్యం ఉంటే, వార్డు సభ్యుడు మారినా, కమిషనర్ బదిలీ అయినా, కాంట్రాక్టరు చేతిలో ఆ కాగితం పెట్టి అడగొచ్చు.